జాలిమ్ మనసూ మా మనసూ

1979 నుంచి 2003 దాకా ఇరాక్‌ను ఏలిన సద్దాం హుసేన్ మనసును అమెరికన్ సైకియాట్రిస్టు జెరల్డ్ పోస్ట్ విశ్లేషించాడు. పుట్టకముందే తండ్రి పోవడం, మారుతండ్రి దెబ్బలు, ఆ గాయం మీద పెరిగిన అహం. ఇదీ ఆయన వివరణ. పిచ్చివాడు కాదు, లెక్క తెలిసినవాడేనని 1990లోనే చెప్పాడు.

కావచ్చు. కానీ తండ్రిలేని పిల్లలందరూ జాలిములు కారు. 1979 జూలైలో బాథ్ పార్టీ సభలో పేర్లు చదివి ఒక్కొక్కరినీ బయటికి తీసుకుపోతుంటే, మిగిలినవాళ్లు లేచి సద్దాంకు జేజేలు కొట్టారు. తర్వాత 22 మందికి మరణశిక్ష వేశారు. తుపాకులు పట్టింది సొంత పార్టీవాళ్లే. వాళ్ల మనసుల్ని ఎవరు చదవాలి?

మా సంగతీ చెప్పుకోవాలి. 1988 మార్చిలో హలబ్జా మీద సద్దాం సైన్యం విషవాయువు వదిలింది. వేలమంది కుర్దులు చనిపోయారు. వాళ్లూ కలిమా చదివినవాళ్లే. మేం ఖామోష్‌గా ఉన్నాం. 1991లో బాగ్దాద్ మీద అమెరికా బాంబులు పడ్డప్పుడు మాత్రం మా గల్లీల్లో సద్దాం ఫొటోలు గోడలకెక్కాయి. ఈ దేశంలో రోజూ తల దించుకు బతికే మాకు, ఎవడో ఒకడు తలెత్తి నిలబడితే చాలనిపించింది. వాడి చేతుల నెత్తురు చూడలేదు.

జుల్మ్ మా మీద జరిగినా, మావాడు చేసినా జుల్మే. ఈ మాట మొదట మాకు మేం చెప్పుకోవాలి.