తండ్రి సంతకం, కొడుకు మైదానం

కొడుకు ఏ ఆట ఆడాలో, ఎక్కడ ఆడాలో తండ్రి నిర్ణయించడం ఏ ఊరిలోనైనా ఇంటి వ్యవహారమే. పుదుచ్చేరిలో మాత్రం దానికి రెండు ప్రభుత్వాల ఒప్పందం కూడా తోడైంది.

పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాంల పాలన 1954 నవంబరు 1న భారతదేశం చేతికి వచ్చింది. అప్పగింత ఒప్పందంపై 1956 మే 28న సంతకాలు జరిగినా, 1962 ఆగస్టు 16న గాని అది అమలులోకి రాలేదు. అక్కడ పుట్టి అక్కడే నివసిస్తున్న ఫ్రెంచి జాతీయులు భారత పౌరులవుతారు. వద్దనుకున్నవారు ఆరు నెలలలోగా లిఖితపూర్వకంగా తెలపాలి. పద్దెనిమిదేళ్లు నిండని అవివాహిత సంతానానికి తండ్రి ప్రకటనే శాసనం. తండ్రి గతించి ఉంటేనే తల్లి మాట చెల్లుతుంది. పదహారేళ్లు దాటిన కుమారుడికి పెళ్లయి ఉంటే తన పౌరసత్వాన్ని తానే ఎంచుకోవచ్చు. పదిహేడేళ్ల బ్రహ్మచారికి లేని వివేకం అదే వయసు పెళ్లికొడుకుకు ఎలా వచ్చిందో ఆ దౌత్యవేత్తలకే తెలియాలి!

సుమారు 5 వేల మంది ఫ్రెంచి పౌరసత్వాన్ని నిలుపుకొన్నారు. ఊరివారు 'సొల్దా'లని పిలిచే ఫ్రెంచి సైనికుల కుటుంబాలు వారిలో ముఖ్యమైనవి. పింఛనుతో తిరిగివచ్చిన ఆ తండ్రుల వెంట పెతాంక్ అనే ఆట కూడా వచ్చింది. దక్షిణ ఫ్రాన్స్‌లోని లా సియోతాలో, కీళ్లనొప్పులతో పరుగెత్తలేని ఒక ఆటగాడి కోసం పుట్టిన ఆట అది. పాదాలు నేలకు ఆనించి, ఇనుప గుండును చిన్న చెక్కబంతికి చేరువగా విసరాలి. ఎండ చల్లబడ్డాక మట్టినేల మీద తండ్రి ఆడుతుంటే చూసి కొడుకు నేర్చుకున్నాడు. పక్కవీధి కుర్రవాడి చేతిలో ఆ వేళకు క్రికెట్ బ్యాటు ఉండేది.

అంతవరకూ అది అభిరుచుల తేడాయే. 2008 డిసెంబరులో కేంద్ర క్రీడాశాఖ, భారత పౌరులు మాత్రమే దేశానికి ఆడాలని నిర్దేశించింది. అమెరికా పౌరుడైన ప్రకాశ్ అమృతరాజ్ అంతకుముందు డేవిస్ కప్‌లో భారత్ తరఫున ఆడినవాడే. తండ్రి విజయ్ అమృతరాజ్ కీర్తి కూడా ఆ నిబంధనను సడలించలేకపోయింది. పుదుచ్చేరిలోనే పుట్టి పెరిగినా, తాత 1962లో చేసిన ప్రకటన వల్ల ఫ్రెంచి పాస్‌పోర్టు వారసత్వంగా పొందిన యువకుడికీ అదే నిబంధన వర్తించింది. పౌరసత్వం మార్చుకుంటే భారత జట్టు దారి తెరుచుకోవచ్చు. కానీ ఫ్రాన్స్‌లో చదువు, కొలువు, నివాసం ఆ పాస్‌పోర్టుతోనే ముడిపడి ఉన్నాయి. ఆట కోసం దానిని వదులుకొమ్మని కొడుకుకు చెప్పడం ఏ తండ్రికీ తేలిక కాదు.