కటర్ పన్ను, థైమస్ గ్రంథి

మిల్లింగ్ మిషన్‌లో కటర్ పన్ను ఒకటి విరిగినంత మాత్రాన మిషన్ ఆగదు, తిరుగుతూనే ఉంటుంది. జాబ్ పాడయ్యాక గానీ సంగతి బయటపడదు. ముందే పసిగట్టమని కంప్యూటర్‌కు చెబుదామంటే, విరిగిన కోతల నమూనాలు చూపించాలి. అవెక్కడివి? సవ్యంగా సాగిన కోతల సమాచారం గుట్టలుగా దొరుకుతుంది. చెడినవి అరుదు, పైగా ఒక్కోటి ఒక్కో తీరు.

ఈ చిక్కుముడి విప్పే కిటుకు మన రొమ్ము ఎముక వెనకే ఉంది. అక్కడి థైమస్ గ్రంథిలో రోగనిరోధక వ్యవస్థకు చెందిన టి కణాలు ముదురుతాయి. ఒక్కో కణం దేన్ని పట్టుకోవాలన్నది దాదాపు చీట్లు తీసినట్టు తేలుతుంది. సొంత ఒంటి ప్రొటీన్లను గట్టిగా పట్టుకున్న కణాలు చాలావరకు అక్కడే చచ్చిపోతాయి. పరీక్షలన్నీ దాటి బయటపడేవి కొద్దే. ఆ మిగిలినవి దేన్ని పట్టుకున్నా అది పరాయిదే అయ్యుండాలి. దొంగ ముఖం ముందే చూసి ఉండనక్కర్లేదు, ఇంట్లోవాళ్లు తెలిస్తే చాలు.

1994లో న్యూ మెక్సికో విశ్వవిద్యాలయానికి చెందిన స్టెఫనీ ఫారెస్ట్, లాస్ అలమోస్‌లో రోగనిరోధక వ్యవస్థను లెక్కల్లో చదివే ఆలన్ పెరెల్సన్, మరో ఇద్దరు కలిసి దీన్ని అల్గారిథంగా మలిచారు. వాళ్ల గురి యంత్రాలు కాదు, కంప్యూటర్ వైరస్‌లు. మరుసటి ఏడే ఫారెస్ట్‌తో కలిసి దీపాంకర్ దాస్‌గుప్తా దాన్ని మిల్లింగ్ మిషన్ దగ్గరికి తెచ్చాడు.

పని తీరు సులువే. కోసేటప్పుడు కటర్ మీద పడే బలాన్ని చిన్న చిన్న ముక్కలుగా తీసుకుని సున్నాలు, ఒకట్ల వరుసలుగా మారుస్తారు. తర్వాత యాదృచ్ఛికంగా వరుసలు పుట్టిస్తారు. మంచి కోతలోని ఏ వరుసతోనైనా, పక్కపక్కనే ఉన్న కొన్ని స్థానాల్లో సరిపోలితే దాన్ని పారేస్తారు. మిగిలినవే కాపలాదారులు. కొత్త కోతలో ఏదైనా వాటిలో ఒకదానికి తగిలిందా, ఏదో తేడా చేసినట్టే. ఏం చెడిందో మాత్రం అవి చెప్పలేవు.

చదవగానే ముచ్చటేస్తుంది గానీ, ఖర్చు దగ్గరే తంటా. మంచి నమూనాలు పెరిగేకొద్దీ పారేసే వరుసలూ పెరుగుతాయి, ఒక్క కాపలాదారు దొరకడమే కష్టమవుతుంది. కోసే లోహం మారితే బలమూ మారుతుంది, అంతా మొదటికొస్తుంది. కొన్ని పరాయి వరుసలను పట్టే కాపలాదారు అసలు పుట్టనే పుట్టదు. వాటికి పరిశోధకులు ‘రంధ్రాలు’ అని పేరు పెట్టారు. 2005లో థామస్ స్టిబోర్ బృందమైతే తేడాలు పట్టే పనికి ఈ పద్ధతి తగునా అని సూటిగానే అడిగింది. థైమస్ కూడా తాను పెంచినవాటిలో అత్యధికం పారేస్తుంది. కాకపోతే దానికి కోట్ల కణాలు ఒకేసారి పనిచేస్తాయి.