వీధిబడి దండన నుంచి శాంతివిద్య వరకు: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

ప్రాథమిక పాఠశాలలో ఒక బాలుడు మరొకరిని కొడితే ఉపాధ్యాయుడు ఆ బాలుణ్ణి కొట్టి సరిదిద్దడం మన సమాజంలో చిరకాలంగా పరిపాటి. ఈ రెండు దెబ్బలకూ గల సంబంధాన్ని చరిత్ర ఆధారంగా పరిశీలించి, శాంతివిద్య ఎక్కడ మొదలు కావాలో సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వీధిబడి: దండన, తోడ్పాటు

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో దేశీయ పాఠశాలల వివరాలను సేకరించవలసిందిగా ఆదేశించాడు. వచ్చిన నివేదికలలో బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపినది విశిష్టమైనది. నేటి అనంతపురం ప్రాంతం కూడా అప్పటి బళ్లారి జిల్లాలోనిదే. ఆయన లెక్క ప్రకారం జిల్లాలోని 533 బడులలో 226 తెలుగు బడులు.

ఉదయం అందరికంటె ముందు వచ్చిన విద్యార్థి అరచేతిలో గౌరవసూచకంగా సరస్వతి పేరు రాసేవారని ఆయన పేర్కొన్నాడు. రెండవవాడికి సున్న. మూడవవాడికి ఒక దెబ్బ, నాల్గవవాడికి రెండు; ఆపై వచ్చినవారికి ఒక్కొక్కటి చొప్పున పెరిగేవి. సోమరులను చేతులు కట్టి పైకప్పుకు వేలాడదీయడం, గుంజీలు తీయించడం కూడా అందులో నమోదయ్యాయి. వేలాడదీసే శిక్షనే తెలుగువారు ‘కోదండం’ అన్నారు.

ఇక్కడ గమనించదగిన విషయం ఒకటి ఉంది. దెబ్బల సంఖ్యను నిర్ణయించినది బాలుడి తప్పు కాదు, తోటివారు ఎందరు ముందు వచ్చారన్నది. అందరూ వేకువనే వచ్చినా చివరివాడికి దెబ్బలు తప్పవు. ఈ ఏర్పాటులో తోటి విద్యార్థి సహాధ్యాయి కాక ప్రత్యర్థి అవుతాడు. అయితే అదే నివేదికలో కాంప్‌బెల్, ముందున్న విద్యార్థులు వెనుకబడినవారికి నేర్పే పద్ధతిని మెచ్చుకున్నాడు. ఇంగ్లండు దానిని అనుకరించడం సముచితమేనన్నాడు. అంటే పోటీ, తోడ్పాటు రెండూ ఒకే అరుగు మీద ఉండేవి.

ఇరవయ్యో శతాబ్దపు మలుపు

గుజరాత్‌లో గిజుభాయి బధేకా ‘దివాస్వప్న’లో నాల్గవ తరగతి పిల్లలతో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రయోగాన్ని కథగా చెప్పాడు. అల్లరి తరగతిని అతడు కథలతో, ఆటలతో దారికి తెచ్చుకుంటాడు. తెలుగులో, పాఠశాలల తనిఖీ అధికారిగా పనిచేసిన చలం ‘బిడ్డల శిక్షణ’లో పిల్లలను కొట్టడాన్ని తీవ్రంగా నిరసించాడు.

చట్టం, దాని పరిధి

2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. ఉల్లంఘించినవారిపై సర్వీసు నిబంధనల ప్రకారం చర్య తీసుకోవాలని పేర్కొంది. సర్వీసు నిబంధనలు ఉద్యోగులకు వర్తిస్తాయే తప్ప పిల్లలకు వర్తించవు. వెనుక బల్లమీది బాలుణ్ణి కులం పేరుతోనో, నత్తితోనో, ఒంటి రంగుతోనో ఎగతాళి చేసే సహాధ్యాయిని ఈ శిక్షా విధానం చేరలేదు. ఆ పని విద్యదే. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రానికి అనుబంధంగా వెలువడిన శాంతివిద్యా పత్రం, శాంతిని ప్రత్యేక పాఠ్యాంశంగా కాక పాఠశాల జీవితమంతటా వ్యాపించవలసిన దృక్పథంగా భావించింది.

ముగింపు

బెత్తం పోయినంత మాత్రాన బెత్తం నేర్పిన వరుస పోదు. ర్యాంకుల పట్టికలో, వెనుక బల్లల కేటాయింపులో అది నేటికీ కనిపిస్తుంది. కనుక శాంతివిద్య నీతిపాఠంతో కాక, పిల్లలను ఒకరి పక్కన ఒకరిని ఎలా కూర్చోబెడుతున్నామన్న ప్రశ్నతో మొదలు కావాలి. చదవగలిగినవాడు చదవలేనివాడికి తోడుగా కూర్చునే అలవాటు మన వీధిబడిలోనే ఉంది. విడనాడవలసినది కోదండాన్ని, నిలుపుకోవలసినది ఆ తోడును.