హవానా చుట్ట: వెలయు విలువయు

క్యూబా దేశపు చుట్టలలో ఏటేట కొన్నింటిని మాత్రమే ఏర్చి, వాటికి నలుపు బంగారు వన్నెల రెండవ పట్టీ తొడిగి, ఆ పట్టీపై సంవత్సరాంకమును ముద్రించి, 'లిమిటెడ్ ఎడిషన్' అను పేర లోకమునకు విడుదల చేయు ఆచారము 2000వ సంవత్సరమున ఆరంభమైనది. సామాన్యమైన హవానా చుట్టయే వెల తక్కువది కాదు. దానిని మించి ఈ పరిమిత శ్రేణి చుట్టలకు అడుగుచున్న సొమ్ము న్యాయమైనదేనా యని చుట్ట ప్రియులు నానాదేశములలో తర్కించుచునే యున్నారు. అంగడిలోని ధరల పట్టికను చూచి ఈ తర్కమును తీర్చుట సాధ్యము కాదు. ఒక వస్తువు వెలలో ఏ యంశము ఏ కాలమున, ఎవరి వలన, ఏ కారణమున వచ్చి చేరినదో తెలిసినగాని, మనము దేనికి సొమ్ము చెల్లించుచున్నామో, దేనికి చెల్లింపదగునో నిర్ణయింపజాలము. కావున హవానా చుట్ట చరిత్రనే మొదట పరిశీలింపవలసి యున్నది.

1492 నవంబరులో, కొలంబస్ పంపగా క్యూబా ద్వీపాంతర్భాగమునకు పోయిన రోద్రిగో దె హెరెస్, లూయిస్ దె తొర్రెస్ అను ఇరువురు, అచ్చటి తైనో జనులు ఎండిన ఆకులను చుట్టి నిప్పంటించి పొగ పీల్చుటను చూచిరి. ఆ ఆకు నాటికే ఆ జనుల పూజలందును, వైద్యమందును, అతిథి మర్యాదలందును చేరియున్నది. తరువాత వచ్చిన స్పెయిను వలసదారులు, ముఖ్యముగా కనారీ ద్వీపముల నుండి వచ్చిన పేద రైతులు, నదీతీరములలో చిన్న చిన్న మడులు చేసికొని పొగాకు పండింపసాగిరి. చెరకు తోటలు విశాలమైన భూములను, భారీ యంత్రములను, వేలకొలది బానిసలను కోరగా, పొగాకు మడి ఒక కుటుంబపు శ్రద్ధను కోరెను. ఈ భేదమునే ఆధారముగా గొని క్యూబా పండితుడు ఫెర్నాందో ఓర్తిస్ 1940లో పొగాకు, చక్కెరల తారతమ్యమును గూర్చి ప్రసిద్ధమైన గ్రంథమును రచించెను. అయినను పొగాకు పరిశ్రమ బానిసత్వపు మచ్చ లేనిదని చెప్పరాదు. పంతొమ్మిదవ శతాబ్దపు కర్మాగారములలో బానిసలును, ఒప్పందపు కూలీలుగా తేబడిన చీనీయులును పనిచేసిరి.

ఆ ద్వీపపు పడమటి కొనయందలి పినార్ దెల్ రీయో మండలమున వుయెల్తా అబాహో యను ప్రాంతము కలదు. అందు సాన్ లూయిస్, సాన్ హువాన్ ఇ మార్తినెస్ అను ఊళ్ల చుట్టునున్న ఎఱ్ఱని ఇసుకపాటి నేలలలో పండిన ఆకుకు సాటియగు ఆకు వేఱొకచోట పండదని ప్రతీతి. మన గోదావరి లంకలలో వరద తెచ్చి పోసిన ఒండ్రుపై పండిన పొగాకు రుచి మెట్టపొలపు ఆకునకు రాదని తెలుగు రైతులెరిగినట్లే, ఆ మండలపు రైతులును తమ నేల గుణమును తరతరములుగా ఎరిగి కాపాడుకొనిరి. వానలు వెనుదీసిన పిమ్మట నారు పోసి, సుమారు నలువదియైదు దినములకు మొక్కను నాటి, శీతకాలపు చివర ఆకులను క్రింది వరుస నుండి పై వరుస వరకు వేర్వేరు దినములలో చేతితో కోయుదురు. చుట్టపై కప్పుగా వాడు ఆకును పండించు మొక్కలపై పలుచని గుడ్డను పందిరిగా కట్టి ఎండ తీక్ష్ణతను తగ్గింతురు. కోసిన ఆకు కొట్టములలో వ్రేలాడి గాలికి ఆరి, మండెలు కట్టబడి, లోలోపల వేడెక్కి పులిసి, తన ఘాటును విడిచి, అటుపై నెలలు సంవత్సరములు మాగవలెను. చుట్ట రుచి యనునది ఈ నేలయు, ఈ శ్రద్ధయు, ఈ కాలమును కలిసిన ఫలము. వెలలో మొట్టమొదటి న్యాయమైన అంశము ఇదియే.

రెండవ అంశము రాజాజ్ఞ వలన వచ్చినది. 1717లో స్పెయిను ప్రభుత్వము క్యూబా పొగాకుపై గుత్తాధిపత్యమును స్థాపించి, రైతు తన పంటను రాజోద్యోగులు నిర్ణయించిన వెలకు వారికే అమ్మవలెనని శాసించెను. రైతులు ఆ యేడును, 1720లోను, 1723లోను తిరుగుబాటు చేసిరి. మూడవ తిరుగుబాటు నెత్తురుతో అణచబడి, పట్టుబడిన రైతులు హవానా చేరువనున్న హెసూస్ దెల్ మోంతెలో వధింపబడిరి. నూఱు సంవత్సరముల పాటు సాగిన ఆ గుత్తాధిపత్యమును 1817లో ఏడవ ఫెర్దినాందు రాజు రద్దు చేసెను. గుత్త వలన ఆకు మెఱుగుపడలేదు, రైతు బాగుపడలేదు. వర్తకమున స్వేచ్ఛ కలిగిన పిమ్మటనే హవానా చుట్టకు మహర్దశ పట్టినది. ఈ సంగతి మన విచారమునకు మిక్కిలి ముఖ్యమైనది.

స్వేచ్ఛ లభించిన రెండు తరములలోనే హవానా వీథులలో కర్మాగారములు వెలసెను. పోర్ లార్రన్యాగా 1834లో, హెచ్. ఉప్మన్ 1844లో, పార్తగాస్ 1845లో, ఓయో దె మోంతెర్రెయ్ 1865లో, రోమియో ఇ హులియెతా 1875లో నెలకొన్నవి. స్పానిష్ సెడార్ చెక్క పెట్టెలు, పెట్టెలపై బంగారు పూతతో రంగురంగుల శిలాముద్రణ చిత్రములు, చుట్టకు కాగితపు పట్టీ, ఇవన్నియు ఈ కాలమున పుట్టిన ఆచారములే. కీర్తి హెచ్చినకొలది ఐరోపాలో నకిలీ చుట్టలును హెచ్చినవి. అందుచే అసలు సరకునకు గుర్తుగా ప్రభుత్వ ముద్రగల పత్రమును పెట్టెపై అంటించు పద్ధతి ఏర్పడి, 1912లో చట్టముచే బలపడెను. ఆ కాగితములు మొదట సౌందర్యమునకును, నమ్మకమునకును పుట్టినవే గాని వెల పెంచుటకు గాదు.

ఈ చరిత్రయందు నా మనస్సును మిక్కిలి ఆకర్షించునది కర్మాగారములోని మనుష్యుని కథ. చుట్ట చుట్టువాడు బల్లముందు కూర్చుండి, పిడి లేని వంపు కత్తితో పైఆకును కోసి, లోని ఆకులను పొగ సాగుటకు వీలుగా మడిచి పొందుపరచి, ఒక్కొక్క చుట్టను చేతితోనే తీర్చును. ఈ విద్య నెలల శిక్షణతో ప్రారంభమై సంవత్సరములకు గాని పండదు. ఆకు ఈనెను తీయు పనిలో స్త్రీలు తరతరములుగా ఆరితేరిరి. చేతులు పనిలోనుండి చెవులు ఖాళీగా నుండు ఈ వృత్తిలో 1865లో ఒక మహత్తరమైన ఆచారము పుట్టినది: హవానాలోని ఎల్ ఫీగరో కర్మాగారమున ఒకడు పీఠముపై కూర్చుండి పనివారికి గ్రంథములను, వార్తాపత్రికలను బిగ్గరగా చదివి వినిపింపసాగెను. ఆ చదువరికి జీతమిచ్చినది యజమాని గాదు. పనివారే తమ కూలిలోనుండి తలా కొంత తీసి ఇచ్చిరి. చదువు వలన తిరుగుబాటు భావములు ప్రబలునని వెఱచిన ప్రభుత్వము మరుసటి యేడే దానిని నిషేధించినను, ఆచారము మరల మరల తలయెత్తి నిలిచినది. ఫ్లోరిడాకు వలసపోయిన చుట్టపనివారు హొసే మార్తీ నడపిన క్యూబా స్వాతంత్ర్యోద్యమమునకు చందాలిచ్చి పోషించుటకును ఈ శ్రవణ విద్యయే దోహదము చేసినది. అలెగ్జాండర్ డ్యూమా రచించిన మోంతెక్రిస్తో ప్రభువు నవలయందు ఆ పనివారికి గల మక్కువ వలననే 1935లో పుట్టిన చుట్టకు మోంతెక్రిస్తో యను పేరు వచ్చెనని చెప్పుదురు. 2012లో క్యూబా ప్రభుత్వము ఈ పఠనాచారమును జాతీయ సాంస్కృతిక వారసత్వముగా ప్రకటించెను. చేతిపనికి, ఆ చేతి వెనుకనున్న సంస్కారమునకు ఇచ్చు సొమ్ము వృథా వ్యయమని ఎవరును అనజాలరు.

1960 సెప్టెంబరులో విప్లవ ప్రభుత్వము పొగాకు కర్మాగారములను జాతీయము చేసెను. యజమానులు పెక్కురు దేశము విడిచిరి. వారితోడను, వారి వెనుకను పోయిన నిపుణులు దొమినికన్ రిపబ్లిక్, హొందురాస్, నికరాగ్వా దేశములలో క్యూబా విత్తనముతో క్రొత్త పరిశ్రమను నెలకొల్పిరి. 1962 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ క్యూబాతో వర్తకమును నిషేధించెను. ఆ శాసనముపై సంతకము చేయుటకు ముందు సుమారు వేయి ఉప్మన్ చుట్టలను కొని తెమ్మని కెన్నెడీ తనకు ఆజ్ఞాపించెనని ఆయన పత్రికా కార్యదర్శి పియర్ శాలింజర్ స్వయముగా చెప్పియున్నాడు. నాటినుండి హవానా చుట్టకు నిషిద్ధ వస్తువునకు సహజమైన ఆకర్షణ అబ్బినది. నిషేధము ఆకు నాణ్యమును రవంతయు పెంచకపోయినను, వెలను మాత్రము పెంచినది. రాజు గుత్త చేసిన పనినే వేఱొక రూపమున అధ్యక్షుని శాసనము చేసెను.

అటుపై కొరతయే గౌరవమగు కాలము వచ్చెను. 1966లో ఫిదెల్ కాస్ట్రో కొఱకు ప్రత్యేకముగా చుట్టబడిన చుట్టలకు కొహీబా యని నామకరణము జరిగినది. హవానా పొలిమేరలోని ఎల్ లగీతో భవనమున తయారై, విదేశీ నాయకులకు బహుమానములుగా ఇయ్యబడి, 1982 వరకు అంగడికి రాకపోవుటచే దాని పేరు లోకమున కథవలె వ్యాపించెను. 1994లో హబానోస్ సంస్థ ఏర్పడి క్యూబా చుట్టల విదేశ విక్రయమంతయు తన చేతికి తీసికొనెను. 2000లో దాని సగము వాటాను అల్తాదిస్ అను ఐరోపా సంస్థ కొనెను. 1990ల చివర చుట్టలకు ఎక్కడలేని గిరాకి రాగా, ఉత్పత్తిని తొందరపడి పెంచుటచే, బిగిసిపోయి పొగ సాగని చుట్టలు పెక్కు బయటికి వచ్చి, శతాబ్దముల కీర్తికి కళంకము తెచ్చినవి. పరిమిత శ్రేణి ఆవిర్భవించినది సరిగా ఈ సంధికాలముననే.

ఆ శ్రేణి మొదట మోసముగా పుట్టినది కాదు. పందిరి క్రింది మొక్కలయందు పై వరుసలలోని ఆకు దళసరిగను, ముదురు వన్నెతోను ఉండును. అట్టి ఆకు మెత్తబడుటకు ఎక్కువ కాలము పులియవలెను, ఎక్కువ కాలము మాగవలెను. ఈ ముదురు ఆకును రెండేండ్లు మాగబెట్టి పైకప్పుగా వాడి, ఆయా పేర్లలో సాధారణముగా దొరకని కొలతలతో చుట్టను చేయుటయే పరిమిత శ్రేణి లక్షణము. 2007 నుండి పైఆకే గాక లోని ఆకులన్నియు రెండేండ్లకు తక్కువ గాకుండ మాగవలెనని నియమము చేసిరి. ఇది వినుటకు గొప్ప నియమమే; కాని సాధారణ శ్రేణిలో సైతము మొక్క పై వరుసలలోని ఘాటైన లోఆకును రెండేండ్లకు తక్కువ మాగనిచ్చి చుట్టుట లేదని తెలిసినప్పుడు, పరిమిత శ్రేణి అదనముగా ఇచ్చుచున్న కాలము పట్టీపై కనబడునంత దీర్ఘమైనది కాదని తోచును. ఇందుకు భిన్నముగా, మూడేండ్లు మాగిన ఆకుతో 'రెసెర్వా', ఐదేండ్లు మాగిన ఆకుతో 'గ్రాన్ రెసెర్వా' యను శ్రేణులు వచ్చినవి. వీటిలో సంఖ్యల పరిమితియే గాక కాలపు పెట్టుబడియు నిజముగా హెచ్చినది.

వెలల గతి మాత్రము ఆకు గతిని దాటిపోయెను. 2006లో కొహీబా నలువదవ వార్షికోత్సవమునకు నార్మా ఫెర్నాందెస్ అను ఒక్క శిల్పిని చేతనే నాలుగు వేల చుట్టలు చుట్టించి, నలువదేసి చొప్పున నూఱు పేటికలలో అమర్చి అమ్మిరి. అది శిల్పమునకు చేసిన సత్కారమని ఒప్పుకొందును. కాని చుట్టను సేకరణ వస్తువుగా, కాల్చుటకు గాక దాచి అమ్ముటకు తగిన ఆస్తిగా లోకము భావించుటకు అది దారి చూపినది. 2022లో కొహీబా, త్రినిదాద్ అను పేర్లు గల క్యూబా చుట్టల ధరలను లోకమంతట హాంగ్‌కాంగ్ ధరల స్థాయికి సమానము చేయగా, పెక్కు దేశములలో అవి ఒక్కసారిగా రెట్టింపును మించెను. ఆ సంవత్సరమే సెప్టెంబరులో ఇయాన్ తుపాను పినార్ దెల్ రీయోను తాకి వేలకొలది పొగాకు కొట్టములను నేలమట్టము చేసినది. ఆ తుపాను వలని కొరత వాస్తవము. కర్షకుడు తిరిగి కొట్టము కట్టుకొనుటకు తోడ్పడు వెల పెరుగుదలను నేను మనసార సమర్థింతును. పట్టీపై అంకె ముద్రించి కల్పించిన కొరత దానితో సమానము కాదు.

కావున నా నిర్ణయమిది. పరిమిత శ్రేణి చుట్ట, అదే పేరు గల సాధారణ చుట్టకంటె పావువంతో, మూడవవంతో అధికమైనచో, ఏరి తీసిన ముదురు ఆకునకును, దానిని మాగబెట్టిన కాలమునకును ఆ సొమ్ము చెల్లింపవచ్చును. రెట్టింపో, మూడింతలో అయినచో, ఆ అదనపు ధనము నేలకుగాని, చేతికిగాని, కాలమునకుగాని చేరక, కొరత యను పేరునకు చేరుచున్నది. నిన్న కర్మాగారము విడిచి నేడు అంగడికి వచ్చిన చుట్టలో పులియబెట్టుట వలని ఘాటు ఇంకను మిగిలియుండును. అది పెట్టెలోనే మెల్లమెల్లగా విడిచిపోవును. పార్తగాస్ 'డి' శ్రేణి నాలుగవ సంఖ్య, మోంతెక్రిస్తో రెండవ సంఖ్య వంటి సాధారణ చుట్టల పెట్టెను కొని, తగినంత తేమలో నాలుగైదేండ్లు దాచుకొన్నవాడు, పరిమిత శ్రేణి వాగ్దానము చేయు కాలమునకు రెండింతలు కాలమును తన ఓర్పుతోనే సంపాదించును. పొగ దేహమునకు హాని చేయుననుట నిర్వివాదము. అట్టి దానిని ఎప్పుడో ఒకప్పుడు మాత్రమే సేవించు వివేకి, ఆ ఒక్కటి మేలైనదిగా ఉండవలెనని కోరుట సహజమే గాని, దుర్లభమైనదిగా ఉండవలెనని కోరుట అనవసరము.

గుత్తాధిపత్యము, వర్తక నిషేధము, సంవత్సరాంకపు పట్టీ, ఈ మూడును మూడు శతాబ్దములలో హవానా చుట్టను కొరత చేసినవి. మూడింటిలో ఏదియు ఒక్క ఆకునకైనను రుచిని చేర్చలేదు. రుచిని చేర్చినవారు వుయెల్తా అబాహో రైతులు, ఈనెలు తీసిన స్త్రీలు, కథలు వినుచు చుట్టలు చుట్టిన శిల్పులు. వారి శ్రమ ఎంత కనబడునో అంత వెల ఇచ్చుట ధర్మము. అంతకు మించి అడుగు పట్టీని అంగడిలోనే విడిచి వచ్చుట వివేకము.