క్యానిస్టర్ ఫిల్టర్‌కు పీవీసీ పైపులైను, ఇన్‌లైన్ హీటరు

అక్వేరియం కింద బల్ల అరలో కూర్చునే, మూత బిగించిన బకెట్టు లాంటి పరికరమే క్యానిస్టర్ ఫిల్టర్. తొట్టిలోని నీళ్ళు ఒక గొట్టంలో కిందికి జారి, స్పాంజీలూ సిరామిక్ రింగులూ దాటుకుని, మూతలో ఉన్న చిన్న పంపు నెట్టగా రెండో గొట్టంలో పైకి వస్తాయి. ఆ రెండో గొట్టాన్ని మధ్యలో కోసి, అక్కడొక పీవీసీ పైపు ముక్క పెట్టి, దాని లోపల హీటరును నిలబెడితే అది ఇన్‌లైన్ హీటరు అవుతుంది. నీళ్ళు పోయే దారిలోనే వేడెక్కుతాయి. తొట్టిలో హీటరు కనిపించదు.

సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో చేపలకు హీటరు పెట్టడం సోకు కోసం కాదు. తెలంగాణలో చలికాలం అతి తక్కువ ఉష్ణోగ్రతలు నమోదైన చోట్ల పేర్లు పేపర్లో వస్తే, ఇదే జిల్లాలోని కోహీర్, ఝరాసంగం, న్యాల్‌కల్ అందులో తరచూ కనిపిస్తాయి. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో అక్కడ పాదరసం పది డిగ్రీల లోపుకు దిగడం కొత్త కాదు. గోల్డ్‌ఫిష్‌కు చలితో పెద్దగా పేచీ లేదు. అమెజాన్ నదీ ప్రాంతం నుంచి వచ్చిన డిస్కస్‌కు మాత్రం 28 నుంచి 30 డిగ్రీలు కావాలి, ఏంజెల్ చేపకు 25 అయినా ఉండాలి. రాత్రికి రాత్రే నీళ్ళు చల్లబడితే ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లమచ్చల జబ్బు బయటపడుతుంది.

గాజు హీటరును నేరుగా తొట్టిలోనే వేలాడదీయవచ్చు, నూటికి తొంభై మంది చేసేది అదే. కానీ ఆస్కార్ లాంటి బలమైన చేప తోక ఝాడించిందంటే గాజు గొట్టం పగలవచ్చు. మొక్కలు పెంచే తొట్టిలోనైతే ఆకుపచ్చని తెర మధ్య నల్ల వైరు, గొట్టం కంట్లో నలుసులా ఉంటాయి. పైగా ఒక మూలన పెట్టిన హీటరు ఆ మూలనే వేడి చేస్తుంది. పంపు తోసే నీటితో వేడి వెళ్తే తొట్టంతా ఒకే తీరుగా పరుచుకుంటుంది.

ఇవి కంపెనీ సరుకుగానూ వస్తాయి. గుంతర్ ఎహైమ్ 1949లో స్థాపించిన జర్మనీ కంపెనీ ఎహైమ్ క్యానిస్టర్ ఫిల్టర్లకు ప్రపంచమంతటా పేరు తెచ్చింది. దాని ఆకుపచ్చ గొట్టాల కొలతలే, అంటే 12/16, 16/22 మిల్లీమీటర్లే, ఈ రంగంలో వాడుకైపోయాయి. ఇటలీ కంపెనీ హైడోర్ ఈటీహెచ్ పేరుతో గొట్టంలో కలిపే హీటరు చేసింది. కొన్ని జర్మన్ ఫిల్టర్లలో హీటరు క్యానిస్టర్ లోపలే ఉంటుంది. మన చిన్న ఊళ్ళ అక్వేరియం దుకాణంలో ఇవేవీ కనిపించవు. గాలి పంపు, రంగురాళ్ళు, మేత పొట్లాలతో దుకాణం అయిపోతుంది. బోర్ల మీద ఆధారపడిన ఊళ్ళలో పైపుల దుకాణానికి మాత్రం కరువుండదు. ఇన్‌లైన్ హీటరు సామాను మూడు వంతులు అక్కడే ఉంది.

పీవీసీ పుట్టుక చాలా దూరంలో జరిగింది. 1926లో అమెరికాలోని బి.ఎఫ్. గుడ్‌రిచ్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త వాల్డో సెమన్ ఆ గట్టి పదార్థాన్ని మెత్తబరిచే దారి కనిపెట్టాక అది పనికొచ్చే సరుకైంది. పైపుగా అది తెలుగు నేలకు మాత్రం ఇంటి సరుకే. సూర్యాపేట సుధాకర్ పైపులు, నంద్యాల నంది పైపులు తెలియని రైతు ఉండడు. వరంగల్ ఆర్‌ఈసీలో మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, భాభా అణు పరిశోధన కేంద్రంలో ఉద్యోగం చేసి, దాన్ని వదిలేసి నంది పైపుల పరిశ్రమ నడిపిన ఎస్.పి.వై. రెడ్డి మూడుసార్లు నంద్యాల ఎంపీ అయ్యారు. జనం ఆయన్ని పిలుచుకున్న పేరు పైపుల రెడ్డి.

పైపు అంటే అన్నీ ఒకటి కావు. మురుగు నీటికి వాడే ఎస్‌డబ్ల్యూఆర్ పైపు ఈ పనికి పనికిరాదు. పొలం పైపులకు, తాగునీటి పైపులకు ఐఎస్ 4985 ప్రమాణం ఉంది. ఇంటి ప్లంబింగులో తెల్లగా కనిపించేది షెడ్యూల్ 40, 80 రకం యూపీవీసీ. వేడినీళ్ళ కోసం లేత పసుపు సీపీవీసీ. పీడనం గురించి భయం అక్కర్లేదు: క్యానిస్టర్ పంపు నీళ్ళను మీటరున్నర, రెండు మీటర్ల ఎత్తుకు ఎత్తుతుంది, అంటే పైపు మీద పడే ఒత్తిడి బోరు మోటారుతో పోలిస్తే ఏ మూలకూ రాదు. చూడాల్సింది సీసం. పీవీసీ చెడకుండా ఒకప్పుడు సీసం లవణాలు కలిపేవారు. వాటిని అదుపు చేయడానికి కేంద్ర పర్యావరణ శాఖ 2021లో ప్రత్యేక నియమాలు తెచ్చింది. చేప పొద్దస్తమానం ఆ నీళ్ళలోనే ఊపిరి పీల్చుకోవాలి కాబట్టి పొలం గట్టున మిగిలిపోయిన పాత పైపు ముక్క కంటే, సీసం లేదని ముద్ర ఉన్న కొత్త తాగునీటి పైపు కొనడమే మేలు.

అసలు తలనొప్పి కొలతల దగ్గర మొదలవుతుంది. ఫిల్టరు గొట్టం మిల్లీమీటర్ల భాష మాట్లాడుతుంది, పైపుల దుకాణం ఇంచుల భాష మాట్లాడుతుంది. దుకాణంలో 'అర ఇంచు' అన్నది పేరే గాని కొలత కాదు. షెడ్యూల్ 40 అర ఇంచు పైపు బయటి వ్యాసం 21.3 మిల్లీమీటర్లు, ముప్పావు ఇంచుది 26.7. పదహారు మిల్లీమీటర్ల లోపలి వ్యాసమున్న ఫిల్టరు గొట్టం వీటిలో దేని మీదా ఎక్కదు. ఇక్కడే సీపీవీసీ ఆదుకుంటుంది. దాని కొలతలు రాగి గొట్టాల లెక్కలో ఉంటాయి, అర ఇంచు సీపీవీసీ బయటి వ్యాసం 15.9 మిల్లీమీటర్లు. 16/22 గొట్టం చివరను వేడినీళ్ళలో అర నిమిషం ముంచి, మెత్తబడగానే ఆ ముక్క మీదికి తోస్తే చేతి తొడుగులా పడుతుంది. పైన స్టీలు క్లిప్పు బిగిస్తే ఇక కదలదు. కాకపోతే అదే సీపీవీసీ లోపలి వ్యాసం 12.4 మిల్లీమీటర్లే, గొట్టం నోటి వైశాల్యంలో పదింట ఆరు వంతులు మిగిలి నాలుగు వంతులు పోయినట్టు. అందుకే ఆ ముక్క నాలుగైదు సెంటీమీటర్లకు మించకూడదు. లైనంతా అర ఇంచు సీపీవీసీతో లాగేసి, ఫిల్టరు నీళ్ళు తోయడం లేదని వాపోవడం కొత్తవాళ్ళు చేసే మొదటి తప్పు.

హీటరు గదికి రెండించుల తెల్ల పైపు, 40 సెంటీమీటర్ల పొడవు సరిపోతుంది. దాన్ని నిలువుగా నిలబెట్టాలి. అడుగున ఒక రెడ్యూసర్ టీ, దాని కింద మూత. పైన మరో రెడ్యూసర్ టీ, దాని మీద ఎండ్ క్యాప్. నీళ్ళు కింది టీలో దూరి పై టీ నుంచి బయటపడతాయి, గాలి బుడగలు నీళ్ళతోపాటే పైకి తేలిపోతాయి. టీల పక్క నోళ్ళకు ముప్పావు నుంచి అర ఇంచుకు దిగే ఎఫ్‌టీఏ (లోపల మరలుండే అడాప్టరు), అందులో సీపీవీసీ ఎంటీఏ (బయట మరలుండే అడాప్టరు), దానికి పైన చెప్పిన చిన్న ముక్క. యూపీవీసీని సీపీవీసీకి సొల్యూషన్‌తో అతికించకుండా మరలతో కలపడమే క్షేమం, రెండింటి సొల్యూషన్లూ వేరు.

హీటరు తల బయటికి, ఒళ్ళు లోపలికి ఉండేలా ఎండ్ క్యాప్‌కు రంధ్రం వేసి కేబుల్ గ్లాండ్ బిగిస్తారు. ఎలక్ట్రికల్ ప్యానెళ్ళలో లావు వైర్లు దూర్చే గ్లాండ్ ఇదే. పీజీ 29 సైజు గ్లాండ్ రబ్బరు 18 నుంచి 25 మిల్లీమీటర్ల లావు దాకా పట్టుకుంటుంది, మామూలు గాజు హీటర్లు చాలావరకు ఆ లావులోపే. నట్టును చేత్తో బిగిస్తే చాలు, పానా వేస్తే గాజు చిట్లుతుంది. హీటరు మీద 'నీటిమట్టం ఇంతకు తగ్గకూడదు' అని గీత ఉంటుంది, అది పై టీ నోటి కంటే కింద ఉండాలి. క్యాప్ కింద కాస్త గాలి ఎలాగూ నిలుస్తుంది. వేడెక్కే కాయిలు అడుగున ఉంటుంది కాబట్టి ఆ గాలితో ముప్పు లేదు.

'ఇంత తతంగం ఎందుకు, ఎం-సీల్ పెడితే పోదా?' అని ఎవరైనా అడుగుతారు. మొదటి వారం బాగానే ఉంటుంది. వేడికి పీవీసీ సాగినంతగా గాజు సాగదు, రెండింటి వ్యాకోచానికీ దాదాపు ఇరవై రెట్ల తేడా. రోజూ వేడెక్కి చల్లారే చోట గట్టి ముద్ద పగుళ్ళివ్వడం ఖాయం. హీటరు కాలిపోయినప్పుడు గది మొత్తం కోసి పారేయాల్సి రావడం మరో నష్టం. సిలికాన్ కూడా గాజును అంటుకున్నట్టు పీవీసీని అంటుకోదు.

సొల్యూషన్ జిగురు కాదన్నది ప్లంబర్ల చేతులకు తెలిసిన సంగతి. అది పైపు పైపొరను, ఫిట్టింగు లోపలి పొరను కరిగించి రెంటినీ ఒకటి చేస్తుంది. హ్యాక్సాతో నిటారుగా కోసి, అంచు పొక్కులు గరుకు కాగితంతో తీసి, గుడ్డతో తుడిచి, రెండు వైపులా పూసి, తోస్తూనే పావు చుట్టు తిప్పి, అర నిమిషం వదలకుండా పట్టుకోవాలి. వదిలితే పైపు మెల్లగా వెనక్కి జారుతుంది. ఆ తర్వాత వంకర కనిపించినా చేసేదేమీ లేదు, కోసి మళ్ళీ కొనాలి. ఒక రోజు ఆరనిచ్చి, బకెట్టు నీళ్ళతో మరో రోజు తిప్పి, ఆ నీళ్ళు పారబోశాకే చేపల జోలికి వెళ్ళాలి.

ఎంత హీటరు కావాలన్నది లెక్కతో తేలుతుంది. లీటరు నీళ్ళను ఒక డిగ్రీ పెంచడానికి 1.16 వాట్-అవర్ల కరెంటు పడుతుంది. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టిలో సుమారు 180 లీటర్లు. వాటిని 18 నుంచి 28 డిగ్రీలకు తేవాలంటే 200 వాట్ల హీటరుకు పదిన్నర గంటలు, తొట్టి నుంచి బయటి గాలిలోకి పోయే వేడి లెక్కలో వేయకుండానే. గంటకు 600 లీటర్లు పారే లైనులో ఒక్కసారి దాటిన నీళ్ళు వేడెక్కేది 0.3 డిగ్రీ కూడా కాదు, కాబట్టి చేపకు వేడి దెబ్బ తగలదు. లోవోల్టేజీ ఉన్న ఊళ్ళో ఈ లెక్క తారుమారవుతుంది. 230 బదులు 180 వోల్టులే వస్తే 200 వాట్ల హీటరు 122 వాట్లే ఇస్తుంది.

ప్రమాదమంతా నీళ్ళు ఆగినప్పుడు ఉంది. హీటరు గదిలో హీటరు పోను నిలిచే నీళ్ళు ముప్పావు లీటరు. పంపు చక్రంలో నాచు చిక్కుకుని ఆగిపోయి, అదే సమయంలో హీటరు థర్మోస్టాట్ కూడా అతుక్కుపోతే, ఆ కొద్ది నీళ్ళు నిమిషానికి దాదాపు నాలుగు డిగ్రీలు ఎక్కుతాయి. ఎనిమిదిన్నర నిమిషాల్లో 60 డిగ్రీలు. పీవీసీ పీడన పైపు భరించే హద్దు అదే, 80 దగ్గర అది మెత్తబడిపోతుంది. ఫిల్టరునూ హీటరునూ ఒకే స్విచ్చుకు పెట్టినంత మాత్రాన ఇది ఆగదు, ఎందుకంటే చక్రం ఆగినా పంపుకు కరెంటు అందుతూనే ఉంటుంది. ఎస్‌టీసీ-1000 లాంటి చవక ఉష్ణోగ్రత కంట్రోలరును హీటరు ముందు కలిపి, దాని సెన్సారును పైపు గదికే ఆనించడం ఒక కాపలా. నీటి ప్రవాహం తగ్గితే కరెంటు తెంపే ఫ్లో స్విచ్ అంతకంటే నమ్మకమైన కాపలా. నీళ్ళూ కరెంటూ పక్కపక్కనే ఉండే చోట 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తెంపే స్విచ్), సరైన ఎర్తింగ్ లేకుండా ఈ పనికి దిగడం మూర్ఖత్వం.

కరెంటు పోయినప్పటి సంగతి వేరు. ఇన్వర్టరుకు ఫిల్టరును మాత్రమే కలిపి హీటరును వదిలేయడం మంచిది. ఫిల్టరు తినేది సుమారు 20 వాట్లు, దాంతో రాత్రంతా నడుస్తుంది. తొట్టి నిండా ఉన్న నీళ్ళు గంటా రెండు గంటల్లో చల్లారవు. ఫిల్టరు ఆగితే మాత్రం మూసిన డబ్బాలో ఆక్సిజన్ అయిపోయి, అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా చావడం మొదలవుతుంది.

గొట్టం ఊడితే పంపు తొట్టిని నేల మీదికి తోడేస్తుంది, పీల్చే గొట్టం నోరు ఎంత లోతున ఉంటే అంతవరకు. ఆ భయం ఉన్నవాళ్ళు పీల్చే గొట్టానికి నీటిమట్టం కింద రెండు వేళ్ళ మేర సన్నటి రంధ్రం వేస్తారు. మట్టం అక్కడికి దిగగానే గాలి దూరి సైఫన్ తెగుతుంది.

బోరు నీళ్ళతో మరో బాధ ఉంది. కాల్షియం కార్బొనేట్ వేడి నీళ్ళలో తక్కువ కరుగుతుంది, అందుకే సున్నం ముందుగా పేరుకునేది హీటరు గాజు మీదే. ఆ తెల్ల పొర దుప్పటిలా కప్పి వేడిని బయటికి పోనివ్వదు. నెలా రెండు నెలలకోసారి ప్లగ్గు తీసి, హీటరు చల్లారాక, వెనిగర్ కలిపిన నీళ్ళలో నానబెడితే పొర వదులుతుంది. మిషన్ భగీరథ నల్లా నీళ్ళు వాడేవారికి తలనొప్పి క్లోరిన్, అది చేపల మొప్పలకూ ఫిల్టరు బ్యాక్టీరియాకూ శత్రువే. సోడియం థయోసల్ఫేట్ చుక్కలు వేశాకే ఆ నీళ్ళు తొట్టిలో పోయాలి.

హీటరు గదికి అటూ ఇటూ ఒక్కో బాల్ వాల్వ్, ఒక్కో యూనియన్ పెట్టినవాళ్ళకు మార్చి నెలలో పని సులువు. వాల్వులు కట్టేసి, యూనియన్లు విప్పి, గదిని హీటరుతో సహా తీసి అటక మీద పెడతారు. ఆ ఖాళీలో అంతే పొడవున్న ఉత్త పైపు ముక్క వచ్చి చేరుతుంది. అప్పటి నుంచి జూన్ దాకా నీళ్ళను చల్లబరచడమే పని, దానికి తొట్టి మీద ఒక చిన్న ఫ్యాను.