బేస్‌బాల్ సగటు: హారం కథ

క్రికెట్ ఎరిగినవారికి సగటు అంటే పరుగులను ఔటైన సార్లతో భాగించడం. నాటౌట్‌గా మిగిలిన ఇన్నింగ్స్ హారంలోకి రాదు. అది బ్యాటర్‌కు ఆట ఇచ్చిన మినహాయింపు. బేస్‌బాల్ సగటులోనూ అటువంటి మినహాయింపు ఒకటి ఉంది. దాన్ని రూపొందించినవారిలో ముఖ్యుడు ఒక క్రికెట్ విలేకరి కావడం విశేషం.

హెన్రీ చాడ్విక్ 1824లో ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో పుట్టి, బాల్యంలోనే అమెరికా చేరాడు. న్యూయార్క్ పత్రికలకు క్రికెట్ వార్తలు రాస్తూ బేస్‌బాల్ వైపు మళ్లాడు. ఆటగాళ్ల పద్దును గళ్లలో అచ్చువేసే 'బాక్స్ స్కోరు'కు ప్రాచుర్యం తెచ్చింది ఆయనే. ఆయన కాలంలో స్థిరపడిన సూత్రం పైకి సులభమైనదే: హిట్ల సంఖ్యను 'ఎట్-బ్యాట్'ల సంఖ్యతో భాగించాలి. అయితే బ్యాటు పట్టి నిలబడిన ప్రతిసారీ ఎట్-బ్యాట్ కాదు. పిచర్ విసిరిన బంతులు నాలుగు గురి తప్పి, బ్యాటర్ వాటికి ఆశపడకపోతే, అతడు ఊరకే మొదటి బేస్‌కు నడిచిపోతాడు. ఈ 'వాక్' పిచర్ తప్పిదమే గాని బ్యాటర్ నేర్పు కాదని చాడ్విక్ తలచాడు. అందుచేత అది లవంలోనూ లేదు, హారంలోనూ లేదు. మైదానంలో జరిగింది, పద్దులో జరగలేదు.

1887లో లీగులు ఎదురు కొసకు వెళ్లి వాక్‌ను హిట్‌గానే లెక్కించాయి. సెయింట్ లూయిస్ ఆటగాడు టిప్ ఓనీల్ సగటు 0.492కు చేరింది. మరుసటి ఏడే ఆ నియమం రద్దయింది. వాక్‌లు తీసివేస్తే అతని సగటు 0.435. ఆ మనిషే, ఆ ఆటలే.

ఈ మినహాయింపు వల్ల మరుగునపడినదేమిటో 1941 చెబుతుంది. ఆ ఏడు బోస్టన్ ఆటగాడు టెడ్ విలియమ్స్ 456 ఎట్-బ్యాట్‌లలో 185 హిట్లు కొట్టాడు, సగటు 0.406. చెడ్డ బంతిని తాకనొల్లని అతని పట్టుదల తెచ్చిన 147 వాక్‌లు ఇందులో కనిపించవు. వాటినీ, బంతి ఒంటికి తగిలి బేస్ చేరిన మూడుసార్లనూ లవహారాలు రెండింటిలోనూ కలిపితే 606కు 335, అంటే 0.553. సగానికి పైగా సార్లు అతడు ఔటు కాలేదన్నమాట! అక్కరలేని శస్త్రచికిత్సను చేయకుండా ఆగిన వైద్యుని నిగ్రహం ఏ రిజిస్టరుకూ ఎక్కదు; విలియమ్స్ నిగ్రహానికీ అదే గతి పట్టింది.

ఈ రెండో లెక్కకు వాదించినవారు బ్రూక్లిన్ డాడ్జర్స్ అధిపతిగా పనిచేసిన బ్రాంచ్ రికీ, ఆయన 1947లో ఉద్యోగమిచ్చిన గణాంకవేత్త ఆలన్ రాత్. 1954లో లైఫ్ పత్రిక వ్యాసంలో రికీ దీన్ని దేశం ముందుంచాడు. 'ఆన్-బేస్' శాతానికి అధికారిక గుర్తింపు దొరికింది మాత్రం 1984లో. చెప్పిన ముప్పై ఏళ్లకు!

రికీ పేరు మరొక కారణంగానూ చరిత్రకెక్కింది. నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్‌ను 1947 ఏప్రిల్‌లో డాడ్జర్స్ జట్టులో దింపినది ఆయనే. అదే ఏడు జనవరిలో, నీగ్రో లీగుల మేటి బ్యాటర్ జాష్ గిబ్సన్ ముప్పై అయిదేళ్లకే కన్నుమూశాడు. మేజర్ లీగ్ మైదానం అతనికి దక్కలేదు. వాక్‌ను వదిలేసిన పద్దు కనీసం ఆ బ్యాటర్‌నైనా గుర్తించింది. గిబ్సన్ విషయంలో మనిషినే వదిలేసింది.

1920 నుంచి 1948 వరకు సాగిన ఆ లీగుల లెక్కలను మేజర్ లీగ్ 2024 మే నెలలో తన రికార్డుల్లో కలుపుకొంది. గిబ్సన్ జీవిత సగటు 0.372, టై కాబ్ 0.367ను దాటి అగ్రస్థానం చేరింది. 1943లో అతని సగటు 0.466. దానితో, 0.400 దాటిన చివరివాడన్న విలియమ్స్ బిరుదూ చెల్లకుండా పోయింది. ఆ లీగుల సీజన్లు పొట్టివి కనుక పోలిక తగదనేవారున్నారు. ఆక్షేపణ న్యాయమైనదే గాని, సీజన్లను పొట్టిగా ఉంచినది ఆటగాళ్లు కారు. పొట్టకూటికై వారు లీగు బయట ఊరూరా తిరిగి ఆడిన ఆటలెన్నో. వాటిలోని హిట్లు నేటికీ ఆ సగటులో లేవు.