కుంటిన ఎద్దు, వెలిగిన ఎముక

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల తిరునాళ్లలో బండలాగుడు పోటీలు చూసినవారికి ఈ దృశ్యం కొత్తది కాదు. నిన్నటిదాకా బండను ఈడ్చిన గిత్త ఈ ఉదయం కాలు నేలకు ఆనించదు. గిట్టలో ముల్లు లేదు, కీలు వాయలేదు. ఇటువంటి కుంటుకు కారణం వెదకిన చరిత్రలో మన తెలుగు ఎద్దులకు కూడా ఒక స్థానం ఉన్నది.

నాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి ప్రాంతాల రైతులు తమ ఎద్దులు కీళ్లు బిగిసి, నొప్పితో నడవలేకపోవడం గమనించారు. తరువాత అదే బాధ మనుషులలోనూ కనిపించింది. షార్ట్ ప్రభృతులైన వైద్యులు 1937లో దానిని శాస్త్రీయంగా వర్ణించారు. వెన్నెముక బిగిసి, ఎముకలు అసాధారణంగా చిక్కబడే ఆ వ్యాధికి మూలం తాగునీటిలోని ఫ్లోరైడు. అయితే ఎక్స్‌రే పటం జరిగిపోయిన నష్టాన్ని చూపుతుందే గాని, జరుగుతున్న మార్పును తొలినాళ్లలో పట్టలేదు. ఎముకలోని ఖనిజం దాదాపు మూడో వంతు తరిగితే తప్ప ఆ లోటు పటంలో స్పష్టపడదు.

కాకతాళీయమే కావచ్చు, అదే 1937లో ఇటలీలోని పలెర్మోలో పెరియే, సెగ్రే అనే శాస్త్రవేత్తలు టెక్నీషియం మూలకాన్ని కనుగొన్నారు. ఎముకల చిత్రణకు అది ఉపయోగపడడానికి మరి మూడు దశాబ్దాలు పట్టింది. ఈలోగా 1962లో బ్లౌ బృందం రేడియోధార్మిక ఫ్లోరిన్‌తో ఎముకలను చిత్రించింది. పొదిలి ఎద్దులను కుంటివి చేసిన మూలకమే అణుమాత్రంగా వైద్యుని చేతికి దీపమైనదన్నమాట! 1971లో సుబ్రమణియన్, మెకాఫీ టెక్నీషియాన్ని ఫాస్ఫేటుతో జతచేశారు. రక్తంలోకి ఎక్కించిన ఆ మందు, కొత్త ఎముక చురుకుగా ఏర్పడుతున్న చోట అధికంగా చేరుతుంది. రెండు మూడు గంటల తరువాత గామా కెమెరాలో ఆ చోటు వెలుగుతుంది.

1977లో స్విట్జర్లాండ్ పశువైద్యుడు వెల్చీ ఈ పద్ధతిని గుర్రాల కుంటు నిర్ధారణకు వర్తింపజేశాడు. పందెపు గుర్రం కటి ఎముకలో, దట్టమైన కండరాల చాటున ఏర్పడే సన్నని పగులు ఎక్స్‌రేకు సులువుగా చిక్కదు. దానిని గుర్తించకుండా పరుగెత్తిస్తే ఎముక పూర్తిగా విరిగి, గుర్రం ప్రాణానికే ముప్పు రావచ్చు. టెక్నీషియం అర్ధాయుష్షు ఆరు గంటలే గనుక, గుర్రాన్ని కొంతకాలం విడిగా ఉంచితే చాలు. ఒక్క హెచ్చరిక: వెలిగిన చోటు రోగస్థానాన్ని చెబుతుందే గాని రోగం పేరు చెప్పదు. పగులు, కీళ్లవాపు, చీము, కణితి ఏదైనా వెలుగుతుంది.

మన గిత్తకు గామా కెమెరా దొరకదు. నొప్పి తెలియకుండా సూది వేయించి మళ్లీ బండకు కట్టడం మాత్రం సులభంగా జరిగిపోతున్నది. ఆ సూది దాచేది పగులునే. తొలి ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోయినా, గిత్తను కట్టుకొయ్య దగ్గరే ఉంచి, రెండు మూడు వారాల తరువాత పశువైద్యునితో మరొక ఎక్స్‌రే తీయించండి. మానుతున్న పగులు చుట్టూ పేరుకొన్న కొత్త ఎముక అప్పటికి తరచు కనిపిస్తుంది.